రిబ్బను వెనక ఫ్రీజరు

కార్తీకమాసం రెండో గురువారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు అప్పలసూరి వెన్నులోంచి నీరు తీశారు. నేనప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ల్యాబులో అటెండరుని. కండ కరిగి కాళ్లూ చేతులూ చచ్చుబడే మోటార్ న్యూరాన్ జబ్బుని ముందుగా పట్టిచ్చే ప్రొటీన్లు ఆ నీటిలో ఉంటాయేమోనని వెతకడం మా పని.

తీసిన నీటిని మిషన్లో తిప్పి, కణాలు అడుగుకి దిగాక పైన తేరినది చిన్న గొట్టాల్లో పోసి, గంటలోగా మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో పెట్టాలి. ఆలస్యమైతే ప్రొటీన్లు చెడతాయి, మళ్లీ సూది పొడవాలి. ఈ సంగతి గోడమీద రాసి అంటించారు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి, కూడబలుక్కుని చదివాను. పెద్ద చదువులవాళ్లకి తీరిక దొరికినట్టు లేదు.

ల్యాబుకి ఉన్న ఒకే ఒక్క ఫ్రీజరు, కొత్తది, రెండు రోజులుగా నడుస్తూనే ఉంది. తలుపుకి మాత్రం పసుపు, కుంకుమ, అడ్డంగా ఎర్ర రిబ్బను. అతిథి వచ్చి కోసేదాకా తెరవకూడదని సూపరింటెండెంటు గారి ఆర్డరు. అతిథి గారు నరసన్నపేటలో దండలు వేయించుకుంటున్నారని కబురొచ్చింది.

పదకొండు దాటింది, నింపిన గొట్టాలు బల్లమీదే ఉన్నాయి. నీరు తీసిన డాక్టరు సుజాత గారు ఫోన్లో బతిమాలారు. రిబ్బను కోసే అధికారం తనకీ లేదన్నారట సూపరింటెండెంటు గారు.

అప్పలసూరిది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఎకరాలకెకరాలు వరినారు ఊడ్చిన చేతులు, ఇప్పుడు చొక్కా గుండీ పెట్టుకోలేవు. ల్యాబులోనే బల్లమీద వెల్లకిలా పడుకుని, "బావా, మళ్లీ పొడుస్తారేటి?" అని ముద్దమాటల్లో నన్ను అడిగాడు.

అతని భార్య పైడమ్మ రిబ్బను వైపు చూసి, "గుడ్డపీలిక కొయ్యడానికి పేట నుంచి మనిషి రావాలేటి? సెప్తే ఇంటికాణ్నుంచి కొడవలి తెచ్చేద్దును" అంది.

నేను డ్రెస్సింగు కత్తెర తీశాను. నర్సు రమణమ్మ, "సింహాచలం, మెమో వస్తాది సూడు" అంది.

"వస్తే సదువుకుంటాను సిస్టర్. ఇప్పుడు సదవడం వచ్చు కదా."

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి గొట్టాలు లోపలికి వెళ్లాయి. రిబ్బనుని ప్లాస్టరు ముక్కతో అతికించాను.

ఒంటిగంటకి అతిథి గారు ప్లాస్టరు పక్కనే కోశారు. తలుపు తీసి, మంచు పట్టిన గొట్టాలు చూసి, అప్పుడే మందు కనిపెట్టేశారా అని అడిగారు. సూపరింటెండెంటు గారు కాదనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

శనివారం మెమో వచ్చింది, ప్రారంభోత్సవ సామగ్రిని అనుమతి లేకుండా కత్తిరించినందుకు. చదివాకే సంతకం పెట్టాను.

ఆ నీటిలో ఏం దొరికిందో అటెండరుకి ఎవరూ చెప్పలేదు. అప్పలసూరికి రెండో సూది మాత్రం పడలేదు. ప్రొటీను ముహూర్తం చూడదనీ, గోడమీది రూలు బరువు చదివినవాడి మీదే పడుతుందనీ నాకు తెలిసివచ్చింది.

ఫ్రీజరు పక్కన గోడకి బిగించిన రాతిపలక మీద పదకొండు పేర్లున్నాయి. గొట్టాలు లోపల పెట్టిన వేళ గదిలో ఉన్నది అప్పలసూరి, పైడమ్మ, డాక్టరు సుజాత గారు, రమణమ్మ సిస్టరు, నేను.