కార్టూన్ల కింద కోసేసిన అంచు

2022 ఎండాకాలం. హిందూపురంలోని నా పటాల అంగడికి ధర్మవరం నుంచి పద్మ అనే ఆమె వచ్చింది. పాత చీరలో చుట్టి తెచ్చిన పద్నాలుగు బొమ్మల అట్టలు బల్ల మీద పెట్టింది. వాళ్ల నాయన రంగప్ప పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడట. తీరిక దొరికితే వారపత్రికలకు కార్టూన్లు వేసి పంపేవాడు. ఇవి అచ్చయ్యాక పత్రికలవాళ్లు తిప్పి పంపిన అసలు బొమ్మలు. అచ్చయిన పత్రికలు ఎప్పుడో చెదలపాలయ్యాయి.

“నాయనకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయిందన్నా. ఇవి మంచం ఎదురుగా తగిలిస్తా. ఒక్కసారన్నా నవ్వుతాడేమో చూడాల” అంది.

మా పనిలో మౌంట్ అని ఒకటుంది. అంటే బొమ్మ చుట్టూ కనిపించే తెల్ల అట్ట. దానికి సరిపోయేలా బొమ్మ అంచులు కోయడం ట్రిమ్మింగ్. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి క్యాలెండర్ దేవుళ్లు. స్వామి పాదాల కింద సిమెంటు ప్రకటన ఎవరికి కావాలి? అందుకే అడగకుండానే కింది అంచు కోసేస్తాను. ముప్పై ఏళ్లుగా చేతికి అదే అలవాటు.

ఈ బొమ్మల కింద పెన్సిల్ రాతలు, గమ్ మరకలు ఉన్నాయి. ఒకటి చదివాను కూడా. బొమ్మలో చీరల అంగడి, కప్పు దాకా చీరల గుట్ట, పక్కన చేయెత్తిన యజమాని. కింద రాత: “మెల్లగా తియ్యండమ్మా, పొద్దున వచ్చినామె మొగుడు ఇంకా కిందనే ఉండాడు.” ఫక్కున నవ్వాను. నవ్వి, స్కేలు పెట్టి దాన్నీ కోసేశాను. మిగతావి చదవనే లేదు. ముక్కలు చెత్తబండిలో పోయాయి.

పటాలు బిగించడానికి నేనే ధర్మవరం వెళ్లాను. చీరల అంగడి పటం మంచం దగ్గర పట్టుకున్నాను. రంగప్ప వేలు గాజు మీద బొమ్మ దాటి కిందికి జరిగింది. తెల్ల అట్ట మీద అటూ ఇటూ వెతికింది. పద్మ వంగి చూసింది.

“ఈడ రాసిండేది యాడికి పాయన్నా?”

“అలవాటుకొద్దీ కోసేసినానమ్మా.”

“రోజుకొకటి చదివి వినిపిద్దామనుకుంటిని. నవ్వంతా ఆడనే గదన్నా ఉండేది.” మెల్లగా అంది: “ఇంక అవి ఆయనకొక్కనికే తెలుసు. ఆయనేమో చెప్పలేడు.”

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా మంచం పక్కన కూర్చుని, గుర్తున్న ఆ ఒక్క మాట ఆయనకు చెప్పాను. మొగుడు కిందనే ఉండాడన్న చోట రంగప్ప పెదవి ఒక పక్కకు కదిలింది.

“నాయన నవ్వుతాండాడు” అంది పద్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఇప్పుడు క్యాలెండర్ దేవుడైనా సరే, కింద ఉన్నది పూర్తిగా చదివి, తెచ్చినవాళ్లను అడిగితే గానీ కత్తి పెట్టను. ఆ ఇంట్లో నేర్చుకున్న పాఠం అది. కానీ ఆ ముసలాయనకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆ రోజు ఆయన నవ్వు ఆగాక, గోడకు ఆనించిన రెండో పటం వైపు వేలు చూపించాడు. తర్వాత నా నోటి వైపు చూస్తూ ఉండిపోయాడు.