తేయాకు కుండీకి సైదాబాద్ వానపాములు

ఫలక్‌నుమాలో నేను పనిచేసే చాయ్ హోటల్ ముందు ఒక తేయాకు మొక్క ఉంది. నీలగిరి చూడటానికి వెళ్లినప్పుడు నేనే తెచ్చాను. పొద్దస్తమానం చాయ్ తాగే జనంలో ఒక్కడికీ ఆ ఆకు ఎలా ఉంటుందో తెలియదు, చూసి చావండని కుండీలో పెట్టాను. అదేమో ఎండిపోసాగింది. మట్టి ఇటుకలా బిగిసి నీళ్లు పైనే నిలిచేవి. "నెలాఖరు దాక సూస్త. చిగురు రాకుంటే పీకేసి ఆడ ఫ్రిజ్ పెడ్త" అన్నాడు మా సేఠ్. ఒళ్లు మండింది. తేయాకు తోటల్లో మట్టి గుల్లబారడానికి వానపాములు వాడతారని ఫోన్‌లో చదివి, పొద్దున్నే బకెట్ పట్టుకుని బయల్దేరాను.

షేర్ ఆటోలో చాంద్రాయణగుట్ట, అక్కడ బస్సెక్కితే సంతోష్‌నగర్ మీదుగా సైదాబాద్. ఖర్చు యాభై రూపాయల్లోపే. ట్రాఫిక్ దయతలిస్తే గంట. అక్కడ గేదెల కొట్టం నడిపే మల్లేశన్న పేడలో వానపాములు పెంచుతాడు. ఎరువుతో సహా బకెట్ నింపి తడి గోనెసంచి కప్పాడు. "నీడకు పెట్టు తమ్మీ. నీ లెక్క గరం గరం ఉంటే బతకవు ఇవి."

బకెట్‌తో బస్సు ఎక్కనివ్వరని తిరుగు ప్రయాణానికి ఆటో మాట్లాడుకున్నాను.

"ఏముంది భాయ్ అండ్ల?" అన్నాడు డ్రైవర్.

"వానపాములు."

"చేపలు పడ్తవా? ఏ చెర్వుకు?"

"చెర్వు కాదు, చాయ్ హోటల్‌కు."

అద్దంలోంచి బకెట్ వైపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఏ హోటలో చెప్పు భాయ్, ఆడ తాగుడు బంద్ చేస్త."

వానపాముల్ని కుండీలో వదిలి చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద ఒక గిరాకీ నిలబడి అరుస్తున్నాడు. వానపాములు కుండీ అంచు దాటి కిందికి దిగుతున్నాయి. మా చాయ్ మాస్టర్ యూసుఫ్ భాయ్ ఖాళీ గిన్నెతో పక్కనే ఉన్నాడు. వడగట్టిన చాయ్ పత్తిని, అదే టీ పొడి పిప్పిని, పాలు, చక్కెరతో సహా వేడివేడిగా కుండీలో కుమ్మరించాడు!

"చాయ్ చెట్టే గద, చాయ్ పత్తి తింటది. రోజు నేనే ఏస్తున్న" అన్నాడు గర్వంగా.

"మలాయ్ గూడ ఏసినవా?"

"ఇత్వార్ ఇత్వార్." అంటే ప్రతి ఆదివారమూ.

తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పులిసిన మట్టి తీసేసి, ఇద్దరం చెంచాలతో వానపాముల్ని ఏరి, కొత్త మట్టిలో వదిలాం. నెలాఖరున సేఠ్ టేపుతో వచ్చి ఫ్రిజ్‌కు జాగా కొలవబోతే యూసుఫ్ భాయ్ కుండీకి అడ్డం నిలబడ్డాడు. "ముందు ఇది కొలువు సేఠ్" అని గోరంత చిగురు చూపించాడు. సేఠ్ టేపు చుట్టేశాడు.

మొక్క నిర్లక్ష్యంతోనే ఎండుతుందనుకుని ఇన్నాళ్లూ అందరి మీదా అరిచాను. ప్రేమతోనూ ఎండుతుందట! మీరూ వానపాములు తెచ్చుకుంటే, వాడిన చాయ్ పత్తిని పాలు, చక్కెర పోయేదాకా కడిగి, ఆరబెట్టి, చిటికెడే వేయండి. బకెట్ కొనకముందే ఈ సంగతి మీ మాస్టర్‌కు చెప్పండి.