చెల్లికి సరిపోయిన రేసు కారు

మా నాన్నకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపుంది. ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలమే, నేను పెద్దదాన్ని. గుంటూరు వెళ్ళే దారిలో గో-కార్టింగ్ ట్రాక్ పెట్టిన కొత్తలో ఒక ఆదివారం సరదాకి మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళారు. నేలకి జానెడు ఎత్తులో పరిగెత్తే ఆ చిన్న బండి ఎక్కాక నాకు ఇంకే ఆటా రుచించలేదు. చెల్లి నన్ను చూసి నేర్చుకుంది. ఆపైన ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం. భవానీపురంలో ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే, ఆవేళ ఎవరు ముందొచ్చారో అమ్మకి అరిచి చెప్పేవాళ్ళం. దాదాపు ఎప్పుడూ నేనే.

కుర్ర డ్రైవర్ల కోసం జరిగే ఫార్ములా ఫోర్ పోటీలకి చెన్నై దగ్గర ఒక టీమ్ ఎంపికలు పెడుతోందని తెలిసింది. ఒక్కటే సీటుండే అసలైన రేసు కారు. రేసింగ్‌లో పైకెళ్ళాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. నాన్న ఇద్దరి పేర్లూ ఇచ్చారు.

కార్టుల మీద జరిగిన మొదటి వడపోతలో చెల్లికంటే నేనే ముందున్నాను. తర్వాత అసలు కారులో కూర్చోబెట్టారు. సన్నటి గొట్టంలోకి కాళ్ళు చాపుకుని దిగినట్టుంది. మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. సీటులోని మెత్త తీసేశారు, పెడళ్ళు ముందుకి జరిపారు. స్టీరింగ్ తిప్పబోతే మళ్ళీ మోకాలే అడ్డం.

"నీ పొడవుకి ఈ కారు కుదరదమ్మా. మలుపులో చెయ్యి తిరక్కపోతే ప్రాణానికే ముప్పు," అన్నాడు టీమ్‌లోని తెలుగు ఇంజనీరు.

పొడవు నాకు నాన్న పోలిక. చుట్టాలందరూ మెచ్చుకునేది దాన్నే. చెల్లిది అమ్మ పోలిక, పొట్టి. కొలతిచ్చి కుట్టించుకున్నట్టు ఆ కారులోకి జారిపోయింది. ఎంపికైంది.

ఆ తర్వాత ఇంట్లో అంతా దాని మాటే. మలుపుల్లో ఆ వేగానికి తల పక్కకి లాగేస్తుందట, మెడ గట్టిపడాలని హెల్మెట్‌కి బరువు కట్టుకుని హాల్లో కూర్చునేది. నేను ఇంజనీరింగ్ పుస్తకం ముందేసుకుని ఆ మెడనే చూసేదాన్ని. నొప్పికి అది మూలుగుతుంటే, ఆ నొప్పి కూడా నాది కావాల్సిందే అనిపించేది.

మొదటి పోటీకి నాన్నకి షాపు వదిలి రావడం కుదరక దానికి తోడుగా నన్ను పంపారు. శనివారం రేసులో అది బాగా వెనకబడింది. కంచె దగ్గర నిలబడి చూస్తుంటే నాకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. సాయంత్రం రూముకొచ్చి మంచం మీద కూలబడింది.

"అక్కా, నాకు టైమెక్కడ పోతోందే?"

నాకు తెలుసు. పొడవాటి రోడ్డు చివర, మలుపు దగ్గర అందరికంటే ముందే బ్రేకు తొక్కుతోంది. తెలీదంటే నమ్మేస్తుంది.

"ఆ పెద్ద మలుపులో భయపడి ముందే తొక్కేస్తున్నావ్. ఇంకాస్త ఆగి తొక్కు," అన్నాను.

దాని మీద ప్రేమతో చెప్పిన మాట కాదది. ఆ కారుని ఎవరైనా అలా నడుపుతుంటే చూడలేకపోయాను.

ఆదివారం అదే మలుపులో, ముందున్న కార్లు బ్రేకు వేశాక కూడా అది వేగం తగ్గించలేదు. ఇద్దర్ని దాటేసింది. మూడో స్థానంలో వచ్చింది. మైకు పట్టుకున్నాయన నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏంటని అడిగితే, "మా అక్క చెప్పిందండీ," అని నన్ను చూపించింది. అందరూ నావైపు తిరిగారు.

"అదృష్టవంతురాలివమ్మా, అలాంటి చెల్లెలుంది," అంది పక్కనున్న తెలుగావిడ. నవ్వి తలూపాను. ఆ మైకు ముందు చెమటతో తడిసిన జుట్టుతో నిలబడాల్సింది నేను. వెనక నుంచి బుద్ధులు చెప్పాల్సింది అది.

అమ్మ ఫోన్ చేసింది. చెల్లితో మాట్లాడి, ఏడ్చి, తర్వాత నన్ను పిలవమంది.

"నీకూ సంతోషమే కదే?"

"సంతోషమేనమ్మా. కానీ కుళ్ళుగా ఉంది. చాలా కుళ్ళుగా ఉంది."

అలా పైకి అనడం అదే మొదటిసారి.

"నాకు తెలుసులే. మీ నాన్నకీ తెలుసు. ముందు ఏమన్నా తిన్నావా?"

తినలేదు. క్యాంటీన్‌లో ఎగ్ పఫ్ కొనుక్కుని నిలబడి తింటుంటే చెల్లి రేసు బట్టల్లోనే వచ్చి, అడక్కుండా సగం తుంచుకుంది. ఆవేళ ఆ పఫ్ మొత్తం నాకే కావాలనిపించింది.