చాలా ఏళ్లకు నన్ను అడిగిన ప్రశ్న

సహోదరులారా, సహోదరీలారా, పోయిన వానాకాలంలో నేను యాప్రాల్‌లోని వృద్ధాశ్రమంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని మంచాన పడ్డాను, పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోయేంత నొప్పి! ఆపరేషన్ చేస్తే మళ్లీ నడవొచ్చు గాని గుండె బలహీనంగా ఉంది, బల్ల మీదే ఏమైనా కావచ్చు, మీరే తేల్చుకోండి అన్నాడు డాక్టరు. నాతో కాదండీ, నా ఇద్దరు కొడుకులతో!

పెద్దోడు చేయిద్దామంటాడు, చిన్నోడు వద్దంటాడు. చివరికి నా మంచం పక్కనే మోకరించి ప్రార్థన చేసి, బైబిలు మాటలు రాసిన కార్డుల డబ్బాలోంచి ఒక వాగ్దాన కార్డు తీశారు. దేవుడు లేవనెత్తుతాడనే మాట వచ్చింది.

"చూసినవా, ఆపరేషన్ చేపియ్యమనే!" అన్నాడు పెద్దోడు.

"ఏందన్నా, దేవుడే లేపుతడంటే మళ్ల కత్తులెందుకు?" అన్నాడు చిన్నోడు.

నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

ఆ కార్డు చూడగానే సీతాఫల్‌మండిలో మా పాత రెండు గదుల ఇల్లు కళ్లముందు నిలిచింది. కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన నుంచి వచ్చి, రైళ్ల చప్పుడు వింటూ చాప మీద కూర్చుని, చాయ్‌లో బన్ను ముంచుకుని తింటుంటే, మా ఆయన ఒక్కొక్కరి చేత కార్డు తీయించి చదివి వినిపించి, "నీకేం సమజైందిరా?" అని మాటలు సరిగ్గా రాని చిన్నోణ్ణి కూడా అడిగేవాడు, వాడేం చెప్పినా శ్రద్ధగా వినేవాడు. ఎంత మంచి రోజులవి!

నేను కళ్లు మూసుకుని లోలోపలే మొరపెట్టుకున్నాను. "ప్రభువా, బతుకుడో చచ్చుడో నీ ఇష్టం, గని వీళ్లు నన్ను సుత ఒక్క మాట అడిగేటట్టు చెయ్యి తండ్రీ!"

కళ్లు తెరిచేసరికి పెద్దోడు కార్డు నా చేతిలో పెట్టి, "అమ్మా, నీకేం సమజైందే?" అన్నాడు. అచ్చం వాళ్ల నాన్న గొంతు! హల్లెలూయా!

"నాకీ మంచం వద్దు బిడ్డా, చర్చికి నడిచి పోవాలె. ఆపరేషన్ చేపియ్యుండ్రి. చిన్నోడా, ప్రభువు నన్ను బల్ల మీదనే పిలిస్తే అన్నను ఒక్క మాట అనకు. నేనే చెప్పిన, యాదుంచుకో" అన్నాను. చిన్నోడు అన్న భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఇదిగో, వాకర్ పట్టుకుని మీ ముందు నిలబడ్డాను, దేవునికే మహిమ! నేను లేవకపోయినా ఆయన నమ్మదగినవాడే, ఎందుకంటే నేను అడిగింది ఆ రోజే ఇచ్చేశాడు. మీ ఇళ్లలోనూ మంచాన ఉన్నవాళ్లుంటారు, భారమంతా ఆయన మీద వేయండి, నమ్మండి. ప్రార్థన చేసి లేచాక, ఆ మంచం మీది మనిషిని కూడా ఒక్కసారి అడగండి.