తమ్ముడి జీపుకి స్టాపర్లు

తమ్ముడు పోయాక వాడి వస్తువుల్లో ఏం చేయాలో ఎవరికీ తెలియనిది జీపు ఒక్కటే. బట్టలు ఇచ్చేశాం. ఫోన్ మరదలు దాచుకుంది. జీపు మాత్రం పర్చూరు దగ్గర వాళ్ళ ఇంటి ముందు పట్టా కప్పుకుని ఉండేది, మామూలు జీపుకంటే జానెడు ఎత్తున. వానలకి నల్లరేగడిలో దిగబడుతోందని వాడే దాన్ని లేపించాడు. బండి బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్లు పొడుగువి వేయించి, పెద్ద టైర్లు తొడిగించాడు. అంత ఎత్తున కూర్చుని చేను చూడటం వాడికి ఇష్టం.

ఆ నెలల్లో నేను చాలా చదివాను. దుఃఖం గురించి రాసినవాళ్ళు ఎక్కువమంది అందంగా రాయాలని చూశారు. కొన్ని పేజీలు తిప్పి మూసేసేవాణ్ణి.

మిరప కోతలు దగ్గరపడుతుండగా మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, ఈసారి కూలీల కోసం బండి నేనే నడుపుదామనుకుంటున్నానండి. ఒకసారి మెకానిక్కి చూపిస్తారా?"

"ఆటో మాట్లాడుకుంటే సరిపోదా అమ్మా?"

"ఆటోలన్నీ పెద్ద రైతులు ముందే మాట్లాడేసుకున్నారండి. మనం బండి పంపకపోతే కూలీల ముఠా ఇంకొకళ్ళ చేలోకి పోద్ది. కాయ చెట్టు మీదే ఎండి రాలిపోద్ది."

మా వైపు పద్ధతి అంతే. పొద్దున్నే ఊళ్ళోకి బండి తెచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ దగ్గర దించిన రైతు చేలోకే కోత కూలీలు వెళతారు. మరదలిది కౌలు చేను. ఆ ఏడు ఆమెకి ఆధారం ఆ పంట ఒక్కటే.

నేనుండేది గుంటూరు పక్కన నల్లపాడులో. జీపుని అక్కడికి తెచ్చి, తమ్ముడికి బాగా తెలిసిన మెకానిక్ సాయిబు గారి షెడ్డులో పెట్టాను. ఆయన కిందికి దూరి, లైటు వేసి చూసి, నన్ను కూడా వంగమన్నాడు.

"ఇది చూడండి సార్. వెనక యాక్సిల్ పైకి ఎగిరినప్పుడు ఆపడానికి ఛాసిస్ కింద రబ్బరు స్టాపర్ ఉండాలి. రెండు వైపులా లేదు."

"ఊడిపోయిందా భాయ్?"

"బోల్టులు విప్పినట్టుంది." ఖాళీ బోల్టు రంధ్రాల మీదికి లైటు తిప్పాడు.

కంపెనీ ఇచ్చే రబ్బరు మళ్ళీ బిగిస్తే చాలదని చెప్పాడు. బండి లేచింది కాబట్టి రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య దూరం పెరిగింది. పెద్ద గుంటలో పడితే యాక్సిల్ ఆ రబ్బరు దాకా వచ్చేలోపే షాక్ అబ్జార్బర్ రాడ్డు మొత్తం లోపలికి పోయి విరుగుతుంది, లేదా టైరు పైన రేకుని రాసుకుంటుంది. అందుకని ఇనప దిమ్మె వెల్డింగ్ చేసి, దాని కింద రబ్బరు బిగించాలి. ఆ దిమ్మె ఎంత ఎత్తుండాలన్నదే అసలు లెక్క.

"ఫుల్ లోడు వేసి చూద్దాం సార్. ఎంత దిగుద్దో తెలిసిపోద్ది."

ఫుల్ లోడు అనగానే మా ఇద్దరికీ తోచింది ఒకటే. పక్కన కోల్డ్ స్టోరేజీ వాళ్ళనడిగి టిక్కీలు, అంటే ఎండు మిర్చి బస్తాలు, తెచ్చి, జీపు వెనక టాపు దాకా నింపాం. గుంటూరులో పుట్టినవాడికి లోడంటే అదే. బస్తాలు ఎంత ఎత్తు లేచాయో చూస్తాడు. కమాన్లు కొంచెం దిగాయి. టైరుకీ రేకుకీ మధ్య నా చెయ్యి సులువుగా పట్టింది. ఆ కొలతకి చిన్న దిమ్మె చాలన్నాడు. నేనూ సరే అన్నాను, అదే బిగించాడు.

కోతలకి ముందు ఒకసారి చూసుకుందామని జీపు మరదలి ఊరికి తీసుకెళ్ళి, ముఠా ఆడవాళ్ళని ఎక్కించుకున్నాం. వెనక రెండు చక్రాల మీదా రెండు బల్లలున్నాయి. వాటి మీద కొందరు, మధ్యలో కొందరు, తలుపు రేకు పట్టుకుని వేలాడుతూ ఇంకొందరు. మరదలు నడిపింది. చేలోకి దిగే చోట ఒక చక్రం గట్టు ఎక్కగానే కింద రేకు గీసిన చప్పుడు, కాలిన రబ్బరు వాసన.

"ఓయమ్మో, ఆపమ్మా! టైరు నా పిర్ర కిందకొచ్చి అరుస్తంది!" అంది బల్ల మీద కూర్చున్నామె. మిగతావాళ్ళు నవ్వారు.

"నీ బరువుకేనే!"

"నీ బరువేమన్నా దూదా?"

అప్పుడు తెలిసింది మేం చేసిన పని. ఎండు మిరపకాయ చోటు నింపుతుంది గానీ బరువు తూగదు. టాపు దాకా నింపిన టిక్కీలకంటే ఈ ఆడవాళ్ళ బరువు ఎంతో ఎక్కువ. పైగా బస్తాలు సమంగా కూర్చుంటాయి, చేలో గట్టు ఒక చక్రాన్నే లేపుతుంది.

వాళ్ళు దిగి వెళ్ళాక నేను చక్రం పైన లోపలి రేకుని తడిమాను. ఇవాళ్టి గీత ఒక్కటే కాదు. రేకంతా రంగు పోయి, నునుపు తేలి మెరుస్తోంది. అది ఒకటి రెండు సార్లు తగిలితే వచ్చే మెరుపు కాదు. ఒకచోట అంచుని సుత్తితో లోపలికి కొట్టి కూడా ఉంది.

మరదలు నా పక్కనే నిలబడి ఉంది.

"ఆయనే కొట్టారండి," అంది. "బండి లేపినప్పుడు వేసిన పొడుగు స్టాపర్లు కూడా ఆయనే విప్పేశారు. గుంటలో పడినప్పుడల్లా దబ్బుమంటంది, బండి నడుములిరగ్గొడతందని ముఠా వాళ్ళు ఎగతాళి చేశారు. అవి తీసేశాక మెత్తగా పోయేది."

"టైరు రాసుకుంటోందని తెలుసా వాడికి?"

"తెలుసండి. నాకూ తెలుసు. నిదానంగా పోతే ఏం కాదులే అనేవారు."

నా తమ్ముడు జాగ్రత్త గలవాడని సంతాపానికి వచ్చినవాళ్ళందరూ అన్నారు. నేనూ తల ఊపాను. నిండుగా మనుషుల్ని ఎక్కించుకుని, టైరు ఎప్పుడు పేలుతుందో తెలియని బండిలో వాడు ఒక సీజనంతా తిరిగాడు. వాడి మీద నాకు కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

జీపు మళ్ళీ నల్లపాడు వెళ్ళింది. ఈసారి సాయిబు గారు కమాన్ల పట్టీలు విప్పి, పెద్ద పట్టీ ఒక్కటి ఉంచి, యాక్సిల్‌ని జాకీతో పైకి లేపాడు. ముందు రెండు వైపులా సమంగా, తర్వాత ఒక్కో వైపే. టైరు రేకుకి దగ్గరవుతుండగా ఆపి, షాక్ రాడ్డు ఇంకా ఎంత మిగిలిందో చూసి, ఆ చోటుకి దిమ్మె కోశాడు. అది మొదటిదానికంటే చాలా పొడుగు.

"ఇక తగలదు సార్. కానీ ముఠా మొత్తం ఎక్కితే యాక్సిల్ ఎప్పుడూ ఈ రబ్బరు మీదే కూర్చుని ఉంటది. వరసగా దెబ్బలు తగిలితే ఛాసిస్సే పగులుద్ది. మనుషుల్ని తగ్గించుకోమనండి అమ్మగార్ని. లేదా చిన్న టైర్లు వేసి బండి దించుదాం."

దించడానికి రోజులు పడతాయి. కోతలు మొదలయ్యాయి. మొదటి రోజు పొద్దున్నే మరదలు జీపుని ముఠా ముందు ఆపి, సగం మందినే ఎక్కమంది. మిగతావాళ్ళ కోసం మళ్ళీ వస్తానంది.

ముఠా మేస్త్రి ఒప్పుకోలేదు. "రెండో ట్రిప్పు వచ్చేసరికి ఎండెక్కుద్ది. ఆయనున్నప్పుడు అందరం ఒకేసారి పోయేవాళ్ళం కదమ్మా!"

"పోయేవాళ్ళు. ఇప్పుడు కుదరదు."

"అయితే మా వాళ్ళు వేరే ఆటో ఎక్కుతారు."

"ఎక్కనివ్వండి."

కొందరు నిజంగానే రోడ్డు దాటి ఇంకో రైతు ఆటో ఎక్కారు. మరదలు వాళ్ళవైపు చూడలేదు. ఆ రోజు చేలో సగం సాళ్ళు అలాగే ఉండిపోతాయని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆమె గేరు వేసింది.

నేను వెనక ఎక్కి, చక్రం మీది బల్ల మీద కూర్చున్నాను.

"ఏందయ్యా, నువ్వు గూడా కోతకేనా?" అంది పక్కనామె. "కొడవలి లేకుండా కోసేది మిరపకాయే. చేతులుంటే చాలు, దా."

చేలోకి దిగే చోట చక్రం గట్టు ఎక్కింది. కింద నుంచి దెబ్బ బల్లలోకి, బల్లలోంచి నా నడుములోకి వచ్చింది. ఆడవాళ్ళు తిట్టుకున్నారు. రేకు గీసిన చప్పుడు కోసం విన్నాను. రాలేదు. తమ్ముడు ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చున్నాడు. ఒక్కసారి వెనక కూర్చుని ఉంటే బాగుండేది అనుకుంటుండగా రెండో దెబ్బ తగిలింది. నేను టాపు రాడ్డు గట్టిగా పట్టుకున్నాను.