నయం కాకముందే చెప్పిన సాక్ష్యం

ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే యోహాన్‌కి లివర్ పాడైందని తెలియగానే మా గాజువాక సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. మా దగ్గర ఒక అలవాటుంది. జబ్బు నయం కాకముందే, నయమైపోయిందని లేచి సాక్ష్యం చెప్పాలి. అలా చెప్తేనే అసలైన విశ్వాసమట! యోహాన్ భార్య రత్నమణి కూడా ఆ ఆదివారం మైకు పట్టుకుని, "మా ఆయన్ని దేవుడు బాగు సేసీసినాడు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం తిరక్కుండానే యోహాన్ పోయాడు.

చనిపోయినవాళ్ళ ఇంట్లో జరిపే ఆదరణ కూడికకి వచ్చినవాళ్ళు ఊరుకుంటే బాగుండేది. భోంచేసి చేతులు కడుక్కుంటూ, "ఆవిడ విశ్వాసంలోనే ఏదో లోపముంది" అన్నారు. ఆ ఇంటి గుమ్మంలోనే నిలబడి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! రత్నమణి విననే వింది. ఇక చర్చికి రావడం మానేసింది.

పిల్లలు లేరు. పగలంతా జాకెట్లు కుట్టేది, సాయంత్రం ఒక్కతే ఇంత వండుకునేది. చాలాకాలం రెండు కంచాలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేదట. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే తన సాక్ష్యమే గుర్తొచ్చి ప్రార్థన అక్కడే ఆగిపోయేది. ఇక ఈ జన్మలో ప్రార్థన చేయలేనేమోనని భయం వేసేది. కుట్టు మిషన్ తొక్కుతూ, "అసలున్నావా? ఉంటే ఏటి సేత్తన్నావ్?" అని పైకే దేవుణ్ణి తిట్టేది.

ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా వచ్చి వెనక చాప మీద కూర్చుంది. సాక్ష్యాల వేళకి లేచి నిలబడింది. పాస్టరయ్యగారు సంతోషంగా మైకు పంపించారు.

"ఆ రోజు నాను సెప్పింది అబద్దం. మా ఆయన బాగవలేదు, పోనారు. దేవుడున్నాడో లేడో నాకు తెలవట్లేదు. ఉన్నావా అని రోజూ ఆ దేవుణ్ణే అడుగుతన్నాను. ఇంకెవర్నీ అడగాలనిపించట్లేదు."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. కూడిక అయ్యాక జనమంతా ఆమెను తప్పించుకుని వెళ్ళిపోయారు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే గ్రేసీ ఆమె దగ్గరికి వచ్చింది. గ్రేసీ కూతురు ఆసుపత్రిలో ఉంది.

"అక్కా, మా పాప కోసం ప్రార్థన సేత్తావా?"

"నానా? నాకే నమ్మకం లేదని ఇప్పుడే కదమ్మా సెప్పాను!"

"అందుకే నిన్నడుగుతన్నాను. పాపకి బాగైపోయిందని వచ్చే వారం సాక్ష్యం సెప్పమంటన్నారు. నాకు బయ్యంగా ఉందక్కా."

రత్నమణి గ్రేసీ చేయి పట్టుకుని కళ్ళు మూసుకుంది. యోహాన్ పోయాక ఆమెకి మొదటిసారి ప్రార్థనకి మాటలొచ్చాయి.

"ప్రభువా, పాపని బాగు సెయ్యి. సేత్తావో లేదో నాకు తెలీదు. ఈ తల్లిని మాత్రం నాలాగ ఒక్కదాన్ని సేసి ఒగ్గీకు. నాను దీని దగ్గరుంటాను. నువ్వూ ఉండు."