మా మేనత్త పాట పడవెక్కిన సంగతి

మా మేనత్త పోయిందని ఆమె మనవడు మా నెల్లికుదురు దాకా వచ్చి చెప్పాడు. మహదేవపూర్ అవతల గోదావరి ఒడ్డున ఆమె ఊరు. నేను బస్సులు మారి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇంటి ముందు కూర్చున్నవాళ్లు ఆమె గురించి మంచి మాటలు చెప్పుకుంటున్నారు. శాంతమూర్తి అన్నారు. ఎవరి మీదా పగ పెట్టుకోలేదన్నారు. ఎంత బాధపెట్టినవాళ్లనైనా క్షమించిందన్నారు.

నాకు నలుగురిలో నోరు పెగలదు. చాయ్ తాగి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట మింగుడుపడలేదు. అందుకే రాస్తున్నాను. మా మేనత్త క్షమించలేదు. క్షమించిందంటే ఆమెను తక్కువ చేసినట్టే.

ఆమె భర్త, అంటే నాకు మామ, దొరల మీద జనం సంగం కట్టిన రోజుల్లో ఆ ఊళ్లో వెట్టి చేయనన్న మొదటి మనిషి. దొర ఇంట్లో పెళ్లికి కట్టెలు మోయనన్నాడు. దొర అతన్ని కోటలాంటి తన గడిలో రాతి స్తంభానికి కట్టేయించి, ఎదురుగా మంచం వేసుకుని కూర్చుని కొట్టించాడు. ఇంటికి మోసుకొచ్చాక మామ ఎక్కువ కాలం బతకలేదు. కొన్నాళ్లకు సంగం బలపడి ఊరు లేచింది. దొర గడ్డిబండిలో దాక్కుని ఏటిదాకా పోయి, పడవెక్కి అవతలి ఒడ్డుకు చేరాడు. అప్పట్లో అది వేరే దేశం. వాళ్లకు స్వతంత్రం వచ్చింది, మేమింకా నైజాం కింద ఉన్నాం. ఆ ఒడ్డున సిరోంచలో బంధువుల ఇంట్లో ఉండి, తెల్లబట్టలు కట్టుకుని, పెద్దమనిషిలా బజార్లో తిరుగుతున్నాడని తెలిసింది. అక్కడ అతన్ని అడిగేవాడు లేడు.

పొలం పనికి తోడుగా మా బాపు నన్ను అత్త దగ్గరికి పంపింది అప్పుడే. ఏం చెప్పాలో తెలియక ఒకసారి, "పోనీలే అత్తా" అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. చేతులు ఆగలేదు.

"ఎటు పోనియ్యాలె అల్లుడా? ఏరు దాటి పోయిండు గద. ఇంకెంత దూరం పోనియ్యాలె?"

ముసలితనంలో కూడా ఎవరు ఏ విషయంలో పోనీ అన్నా ఆమె అట్లాగే అడిగేది. ఎటు పోనియ్యాలె అని. అడిగి, జవాబు కోసం నిజంగా ఎదురుచూసేది.

ఆ రోజుల్లో రెండు ఒడ్డుల ఊళ్ల మధ్య పాటల పోటీ ఒకటి నడిచేది. దొరలది కాదు, సంగంది కూడా కాదు. తునికాకు ఏరేవాళ్లు, గొర్లకాపరులు, పాటంటే పిచ్చి ఉన్నవాళ్లు తమంతట తాము పెట్టుకున్నది. దేశాలు రెండైనా చుట్టరికాలు ఒకటే. తెలుగు, మరాఠీ, గోండు, ఏ భాషైనా సరే. రజాకార్ల జాడ ఉంటే పడవలు కదిలేవి కావు. లేకుంటే ఎండ తగ్గాక కలిసేవాళ్లు. గెలిచిన ఊరు మరుసటి పోటీకి అందరినీ పిలిచి జొన్న గటక వండిపెట్టాలి. గెలుపు తేల్చేది మాత్రం పడవలు నడిపేవాళ్లు. పోటీ అయ్యాక అవతలికి తిరిగిపోయే జనం పడవలో ఏ పాట ఎత్తుకుంటే అది గెలిచినట్టు. తమ సొంత ఊరి పాట ఎత్తుకుంటే లెక్కకు రాదు.

ఈ సంగతి విన్ననాడు అత్త నోట్లోంచి చుట్ట తీసి ఏటివైపు తిరిగింది.

"అయితే పాట పడవెక్కుతదన్నట్టు," అంది. "మనం పోలేని కాడికి పోతదన్నట్టు."

అప్పటినుంచి ఆమెకు ఒకటే పని. తన పాట సిరోంచ చేరాలి. దొర చెవిన పడాలి.

ఆ తడవ పోటీ పక్క ఊళ్లో జరిగింది. అత్త మామ మీద పాట కట్టి పాడింది. కొట్టిన దెబ్బలు, తాగలేకపోయిన నీళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. జనమంతా ఏడ్చారు. నేను ముఖం తిప్పుకున్నాను. మర్నాడు పడవ నడిపే పెద్దాయన వస్తే ఆమె ఎదురెళ్లింది.

"ఎవ్వలన్న ఎత్తుకున్నరా అన్నా?"

"లే చెల్లె. పక్కూరోళ్ల మేక పాట ఎత్తుకున్నరు."

"మేకకున్న ఇజ్జత్ నా మొగనికి లేదా?"

"మేక నవ్విచ్చింది చెల్లె. నువ్వు ఏడిపిచ్చినవ్. ఏడుపును ఎవ్వలు మోసుకపోతరు? అందరిండ్లల్ల ఉన్నదే గద."

ఆమె ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. కానీ పాటను విప్పడం మొదలుపెట్టింది. వరి కోతల్లో ఒక మాట పెట్టేది, గొణుక్కునేది, తీసేసేది. ఒక మధ్యాహ్నం కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది.

"మీ మామను తీసేసిన అల్లుడా, పాటలకెల్లి."

నేను కోత ఆపి ఆమెవైపు తిరిగాను.

"ఆయనుంటే నవ్వు రాదు. నవ్వు రాకపోతే గా పాట ఏరు దాటది."

అని లేచి కొడవలి అందుకుంది. ఆ రోజు ఆమె కోసినంత ఎవరూ కోయలేదు.

కొత్త పాటకు మా నెల్లికుదురు ఆడవాళ్ల నాట్ల పాట ఊపు తొడిగింది.

దొరా ఓ దొరా, గడ్డిల దాగిన దొరా
ఎద్దొచ్చి మూతి నాకితే
ఎవ్వలనుకున్నవు దొరా

మేక పాట గెలిచింది కాబట్టి మళ్లీ అదే పక్క ఊళ్లో పోటీ. జనం కడుపు పట్టుకుని నవ్వారు. అత్త ఒక్కతే నవ్వలేదు. పాడుతున్నంతసేపూ అవతలి ఒడ్డువాళ్ల పెదవులనే చూస్తోంది, కదులుతున్నాయా లేదా అని. మర్నాడు పెద్దాయన తానే ఇంటికొచ్చాడు.

"పడవ ఊగింది చెల్లె. తెడ్డేసెటోడు సుత నీ పాటకే ఏసిండు. ఒడ్డు దిగినంక సుత ఆపలే."

"ఎటు పోయిండ్రు? సిరోంచ దిక్కేనా?"

"గా దిక్కే."

గెలిచాం కాబట్టి తర్వాతి పోటీ మా ఊళ్లో. ఎక్కడ పెడదామని జనం అడిగితే గడిలోనే అంది అత్త. ఖాళీ గడిని ఆడవాళ్లు ఊడ్చారు. మామను కట్టేసిన స్తంభానికి ఆనించి పొయ్యి పెట్టించింది. పొగకు రాయి నల్లబడుతుంటే చూసుకుంటూ గటక కలిపింది.

తర్వాత కాలం మారింది. నైజాంను దించి యూనియన్ మిలటరీ వచ్చాక చాలా గడుల్లోకి దొరలు తిరిగొచ్చారు. మా దొర మాత్రం రాలేదు. ఆయన ఏ దిక్కున ఎట్లా పోయాడో మాకు తెలియదు. ముఖం దాచుకునే పోయి ఉంటాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఇది పగే. దానికి వేరే పేరు పెట్టను. ఆ పగ పట్టడం నేర్పినందుకు మా మేనత్తకు రుణపడి ఉన్నాను.

ఆమెను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది గడిలో పెట్టిన ఆ పోటీనాటి సాయంత్రమే. పడవలు కనిపించగానే పొయ్యి దగ్గరివాళ్లు తప్ప అందరం ఏటికి ఉరికాం. వచ్చేవాళ్లు అత్త పాటే పాడుకుంటూ వస్తున్నారు. కానీ చివరి చరణం మాది కాదు. మరాఠీలో ఉంది. అత్త మోకాలి లోతు నీళ్లలోకి దిగి మొదటి పడవ అంచు పట్టుకుంది.

"గదేంది అన్నా, గా కొసకు పాడుతున్నది?"

పెద్దాయన నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "సిరోంచ పోరగాండ్లు కట్టిండ్రు చెల్లె. దొర బజార్ల కనవడితే ఎంటవడి నీ పాట పాడుతుండ్రట. పాడొద్దని ఆయన బెల్లం పంచిండట. బెల్లం తియ్యగున్నది దొరా, ఇంకింత పెడితే ఇంకింత గట్టిగ పాడుతం అని దీన్ని కట్టిండ్రు. గిప్పుడు దొర తలుపే తీస్తలేడట."

"తలుపేసుకుంటే ఇనవడదా?"

"ఎందుకినవడది? కిటికి కిందనే పాడుతుండ్రట."

పడవలో వాళ్లు దిగబోయారు. అత్త దిగనివ్వలేదు.

"జర ఆగుండ్రి. గా ముక్క మళ్ల పాడుండ్రి."

పాడారు.

"మళ్ల."

గటక చల్లారిపోతోందని గడి దగ్గరినుంచి ఆడవాళ్లు కేకలు వేస్తున్నారు. ఆమె కదలలేదు. తనకు రాని ఆ భాషకు పెదవులు కలుపుతూ, ఒక్కో మాటా నేర్చుకుంటూ, నిండు పడవను రెండు చేతులతో నీళ్లలోనే పట్టి నిలబెట్టింది.